చాలినంత చదువు

చదువుకీ పార్టీకీ ఉన్న సంబంధాన్ని విద్యాశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండున్నరకి కనిపెట్టారు. పన్నెండుకల్లా పత్రికలవాళ్లని పిలిపించి లోకానికి చెప్పేశారు. ఇంత పెద్ద సత్యాన్ని అరగంటకి మించి కడుపులో దాచుకోవడం ఆయన స్వభావం కాదు.

ఒక సర్వే ప్రొఫెసరు పంపిన గ్రాఫుని గోడకి వేలాడదీశారు. ఎడమపక్క ఎత్తులో మొదలైన ఎర్రగీత కుడిపక్కకి వచ్చేసరికి జారుడుబల్లలా నేలకి దిగిపోయింది.

"అసలు చదువుకోనివాళ్లలో నూటికి ఎనభైమంది మనవాళ్లు," అన్నారు మంత్రిగారు కర్రతో చూపిస్తూ. "అయిదో తరగతిదాకా చదివినవాళ్లలో డెబ్భై. పదిలో యాభై. డిగ్రీలో ముప్ఫై. ఆపైన పెద్ద చదువులు చదివినవాళ్లలో నలుగురు."

"ఆ నలుగురూ ఎవరండీ?" అన్నాడు ఒక విలేకరి.

"వాళ్లని వైస్ ఛాన్సలర్లుగా వేశాం," అన్నారు మంత్రిగారు నిజాయితీగా.

"అంటే చదువుకున్నకొద్దీ జనం మీ పార్టీని వదిలేస్తున్నారన్నమాటేగా?"

"మీరు తలకిందులుగా చూస్తున్నారు. మా పార్టీని వదిలేసేవాళ్లే చదువుకుంటున్నారు."

విలేకరులు రాసుకున్నారు. ఒకాయన రాసుకుని, కొట్టేసి, మళ్లీ అదే రాసుకున్నాడు.

"తమరెంతవరకు చదివారండీ?"

"ఏడు. సరైన సమయంలో ఆపాను."

సరిగ్గా అప్పుడే వరస చివర టీ అందిస్తున్న అటెండరు చేతిలో పళ్లెం పక్కకి ఒరిగింది. రెండు కప్పులు ఒలికాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడ చేతిలో టీ ఒలకడం అదే మొదలు.

ఆవిణ్ని అందరూ బెల్లమ్మ అంటారు. మంత్రిగారు బెల్లు కొడితే వచ్చేది ఆవిడే గనక. ఆరుగురు మంత్రులు మారినా బెల్లు మారలేదు, బెల్లమ్మా మారలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు పుస్తకంలో 'చదువు' అన్నచోట 'లేదు' అని రాసి, కింద ఆవిడ చేత వేలిముద్ర వేయించారు. అది నిజమే. కానీ ఆ తర్వాత ఇరవై రెండేళ్లపాటు ఆవిడ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి ఫైళ్లు మోసింది. మోస్తూ మోస్తూ అట్టల మీది అక్షరాలు పట్టుకుంది. మొట్టమొదట నేర్చుకున్న మాట 'అత్యవసరం'. ఆ మాట రాసిన ఫైళ్లు ఏళ్లతరబడి ఒకే బీరువాలో కదలకుండా ఉండేవి కాబట్టి తీరిగ్గా నేర్చుకునే వీలు దొరికింది.

ఇప్పుడావిడ పదో తరగతి పాఠాలు చదువుతోంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక, దర్జీ పని చేసే మొగుడి పక్కన కూర్చుని బిగ్గరగా చదివేది. ఆయన కుట్టుమిషను ఆపకుండానే, "ఏవిటీ? చప్పుడులో వినపళ్లేదు, మళ్లీ చదువు," అనేవాడు. వినపడేది. మళ్లీ చదివితే ఆవిడకి బాగా వస్తుందని అలా అనేవాడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు.

పది పాసైతే రికార్డు అసిస్టెంటు అవుతుంది. రికార్డు అసిస్టెంటుకి కుర్చీ ఇస్తారు. అటెండరుకి స్టూలే. స్టూలుకి ఆనుకోవడానికి చెక్క ఉండదు. ఇన్నేళ్లుగా ఆ లోటంతా ఆవిడ నడుమే భరించింది. నలభై అయిదు దాటితే ప్రమోషన్ లిస్టులో పేరుండదు. ఆవిడకి నలభై నాలుగు నిండాయి. అంటే ఈ ఏడాది పరీక్షే మొదటిదీ, ఆఖరిదీ. దరఖాస్తు నింపి సంచీలో పెట్టుకుంది. మంత్రిగారి పేషీలో పనిచేసేవాళ్లు పరీక్ష రాయాలంటే మంత్రిగారి అనుమతి సంతకం కావాలి. నెలాఖరు శుక్రవారం గడువు.

ఆ సంతకం అడుగుదామనుకున్నది ఆ సోమవారమే.

ఒలికిన టీ తుడుస్తుంటే హెడ్ గుమాస్తా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆవిడకి భిన్నాలు నేర్పింది ఆయనే, మధ్యాహ్నం అన్నాల వేళ.

"బెల్లమ్మా, ఆ కాయితం ఇవాళ బయటికి తియ్యకు."

"మరెప్పుడండీ?"

"గ్రాఫు గోడ దిగాక," అన్నాడాయన. దిగుతుందన్న నమ్మకం ఆయన గొంతులో లేదు.

మర్నాడు మంత్రిగారి గదిలో పార్టీ పెద్దలు సమావేశమయ్యారు. రోగం తెలిసింది, మందు కావాలి.

"బళ్లు మూసేద్దాం సార్," అన్నాడు యువజన నాయకుడు.

"తప్పు. మనది ప్రగతిశీల ప్రభుత్వం. బళ్లు మూస్తే పంతుళ్లు రోడ్డెక్కుతారు. వాళ్లు ఇప్పటికే చదువుకుని చెడిపోయినవాళ్లు."

నాలుగు గంటలు ఆలోచించారు. టీలు మూడుసార్లు తిరిగాయి. చివరికి 'చాలినంత చదువు' అనే పథకం పుట్టింది. చదువు అందరికీ ఉంటుంది. ఎవరికి ఎంత చాలుతుందో పార్టీ చెబుతుంది. చాలిన తరగతి దగ్గర ఆగిన ప్రతివాడికీ మంత్రిగారి అభినందన పత్రం. పదకొండు లక్షల పోస్టర్లకి ఆర్డరిచ్చారు. వాటి మీద మాట మంత్రిగారు స్వయంగా చెప్పారు: 'చదవేస్తే ఉన్నమతి పోయిందన్నారు పెద్దలు. పోకముందే ఆగుదాం!'

"అభినందన పత్రం వాళ్లు చదువుకోలేకపోతేనో సార్?" అన్నాడు పీయే.

"నా ఫోటో పెద్దదిగా వెయ్యండి."

అవతలి పార్టీవాళ్లు చేతులు కట్టుకు కూర్చుంటారా? ఆ సాయంత్రమే 'చదువుకున్నవాళ్ల పార్టీ మాది' అని ప్రకటించుకున్నారు. వారం తిరక్కుండా వాళ్ల నాయకులందరికీ కళ్లజోళ్లు వచ్చేశాయి. బజారులో నంబరు లేని అద్దాలు దొరకడం మానేశాయి.

ఇవతలి పార్టీలో మాత్రం అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. ప్రతి సభ్యుడూ తన చదువు ఎంతో రాసివ్వాలన్నారు. అంతవరకు ఒకరి మీద ఒకరు ఎక్కడానికి పోటీ పడ్డవాళ్లు ఇప్పుడు దిగడానికి పోటీ పడ్డారు. యువజన నాయకుడికి ఎమ్మే ఉందని ఎవరో ఉప్పందించారు.

"కరస్పాండెన్సు సార్," అన్నాడతను ఏడుపు గొంతుతో. "పుస్తకాలు పోస్టులో వచ్చాయి. కట్టు కూడా విప్పలేదు."

"ఆ కట్టు తెచ్చి చూపించు."

తెచ్చాడు. మంత్రిగారు ముడిని అటూ ఇటూ తిప్పి, లాగి, గోటితో గీకి చూశారు. పోస్టాఫీసు వేసిన ముడే. "కుర్రాడిలో నిబద్ధత ఉంది," అన్నారు. పీయే తన డిగ్రీ మూడోసారికి గానీ రాలేదని విన్నవించుకున్నాడు. "ఇంకో రెండుసార్లు తప్పి ఉండాల్సింది," అని మందలించి వదిలేశారు.

అందరిలోకీ పాపం డాక్టరుగారి పని గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఆయన పార్టీ కార్యదర్శి. మందు బిళ్ల ఇచ్చే డాక్టరు కాదు. ఎక్కడో హార్డ్‌వేరు కొట్టు మేడమీద రెండు గదుల్లో ఉన్న విశ్వవిద్యాలయం నాలుగేళ్ల కిందట ఆయనకి డాక్టరేటు ఇచ్చింది. అప్పుడు ఊరేగింపు చేయించుకున్నారు, ఇంటి ముందు బోర్డు పెట్టించుకున్నారు. ఇప్పుడు అది దొంగదని రుజువు చేసుకుంటే గానీ పదవి నిలవదు.

మంత్రిగారి పిలుపు కోసం వరండాలో కాచుకునే వేళ, బల్ల మీద కూర్చుని, పక్కనే స్టూలు మీదున్న బెల్లమ్మతో కష్టం చెప్పుకునేవారు.

"ప్రెస్సువాడి దగ్గరికి వెళ్లానమ్మా. నువ్వే అచ్చేశావని ఒక్క ముక్క రాసివ్వవయ్యా అన్నాను. 'మా ప్రెస్సులో దొంగవి వెయ్యమండీ, అన్నీ అసలువే' అని తలుపేసుకున్నాడు."

"మరి ఆ విశ్వవిద్యాలయంవాళ్లేమన్నారండీ?"

"ఉత్తరం రాశాను. తిరుగుటపాలో జవాబొచ్చింది. నా పరిశోధన అమూల్యమట. కావాలంటే ఇంకొకటి కూడా ఇస్తామన్నారు."

"ఇంట్లో అమ్మగారేమంటున్నారు?"

"నవ్వుతోంది. నాలుగేళ్లుగా అదే పని."

"అసలు ఎంత చదివారు డాక్టరుగారూ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఎనిమిది. తప్పాను."

"ఆ సర్టిఫికెట్టు చూపిస్తే సరిపోదా అండీ?"

"తప్పినవాడికి సర్టిఫికెట్టు ఎవరిస్తారమ్మా!" అని నిట్టూర్చారు డాక్టరుగారు. "ఈ విద్యావిధానంలో ఉన్న పెద్ద లోపమే అది."

బెల్లమ్మకి జాలేసింది. ఫ్లాస్కులో మిగిలిన టీ ఆయనకి పోసింది.

ఈలోగా పేషీలో చదవడం అనే పని పూర్తిగా ఆగిపోయింది. ఎవరూ చదువుతూ పట్టుబడదలుచుకోలేదు. పీయే పేపరు తెరిస్తే, "బొమ్మలు చూస్తున్నానండీ," అని అడగకముందే చెప్పేవాడు. హెడ్ గుమాస్తాని అడిగితే, "రాయడం వచ్చండీ, చదవడం మానేశాను," అనేవాడు. మంత్రిగారికి ఏడో తరగతి చదువుంది గానీ, ఫైలు ముందేసుకుని కూర్చున్నారని అవతలి పార్టీకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఫైళ్లు బల్ల దాటి, కిటికీ దాటి, గ్రాఫు అంచుదాకా పెరిగాయి.

ఒకనాడు మంత్రిగారు బెల్లు కొట్టారు. "ఇందులో బడి పైకప్పుల ఫైలేదో ఉందిట. ముఖ్యమంత్రిగారు ఫోన్ చేశారు. ఎవరైనా తియ్యండయ్యా!"

పీయే కప్పు కేసి చూశాడు. హెడ్ గుమాస్తా నేల కేసి చూశాడు. బెల్లమ్మ అలవాటు కొద్దీ వెళ్లి, గుట్టలో కిందినుంచి నాలుగోది లాగి బల్ల మీద పెట్టింది. అదే.



"నీకెలా తెలిసింది?" అన్నారు మంత్రిగారు.

హెడ్ గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"వాసనబట్టి సార్. ఇరవై రెండేళ్ల అనుభవం. సర్వీసు పుస్తకంలో చదువు 'లేదు' అని స్పష్టంగా ఉంది."

"లోపల ఏముందో కూడా వాసన తెలుస్తుందా?"

"అడిగి చూడండి సార్."

బెల్లమ్మ ఫైలు తెరిచింది. మొదటి పేజీ గడగడా చదివేసింది. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

"చూశారా? చదువు లేకుండానే ఎలా చదివేస్తోందో! ఇదయ్యా మన పార్టీ సత్తా."

ఆ రోజునుంచి విద్యాశాఖ ఫైళ్లన్నీ చదివి వినిపించే బాధ్యత, చదువు లేదని ప్రభుత్వమే ధ్రువీకరించిన ఏకైక ఉద్యోగి మీద పడింది. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. నిలబడి చదవాలి. స్టూలు కూడా పోయింది.

ఆ ఆఫీసులో ఫైలుకి మొదటి పేజీ చదవడం, ఆఖరి పేజీలో సంతకం పెట్టడం ఆచారం. మధ్య పేజీలు బరువు కోసం. బెల్లమ్మకి ఈ ఆచారం ఎవరూ చెప్పలేదు. ఆవిడ అన్ని పేజీలూ చదివేది. మూడో పేజీకి మంత్రిగారికి కునుకు పట్టేది. ఆఖరి పేజీకి వచ్చాక ఆవిడ మెల్లిగా దగ్గేది. ఆయన లేచి సంతకం పెట్టేసేవారు. అలా ఆ నెలలో మూడు బళ్లకి పైకప్పులు, పదకొండేళ్లుగా తిరుగుతున్న ఒక ముసలి పంతులుకి పింఛను మంజూరైపోయాయి. పొరపాటు ఎక్కడ జరిగిందో ఇప్పటికీ తేలలేదు.

నెలాఖరు గురువారం సాయంత్రం దర్జీ మిషను ఆపేశాడు. అదే వింత.

"రేపేగా గడువు? ఆ కాయితం కూడా ఫైళ్లమధ్య పెట్టెయ్యి. నిద్దట్లో సంతకం పెట్టేస్తాడు."

"పెడతాడు."

"మరేం?"

"నేను చదివి వినిపించేదాన్ని కదండీ. చదవందాని మీద ఎలా పెట్టించను?"

"అయితే చదివే పెట్టించు," అని దారం ఎక్కించుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి గుట్ట మొత్తం అయిపోయింది. అడుగున ఒక ఉత్తరం, దాని కింద బెల్లమ్మ దరఖాస్తు మిగిలాయి. దరఖాస్తు పొద్దున తనే పెట్టింది. ఉత్తరం ఎప్పణ్నుంచి ఉందో. గ్రాఫు పంపిన సర్వే ప్రొఫెసరుది. ఆవిడ చదవడం మొదలుపెట్టింది.

"'అయ్యా, ఇది నేను రాస్తున్న మూడో ఉత్తరం. చదువుకీ ఓటుకీ ఉన్న సంబంధం మీద సర్వే చేయడానికి అనుమతి కోరుతూ నేను పంపిన ప్రతిపాదనకి ఇంతవరకు జవాబు లేదు. అనుమతి వస్తే వచ్చే నెలలో సర్వే మొదలుపెట్టగలను...'"

మంత్రిగారికి కునుకు రాలేదు. "మొదలుపెట్టడమేమిటి? అయిపోయిందిగా?"

"'...ప్రతిపాదన మొదటి పేజీలో ఉన్న గ్రాఫు, ఫలితాలు ఏ రూపంలో ఉంటాయో చూపించడానికి గీసిన నమూనా మాత్రమే. అందులోని అంకెలు ఊహించి వేసినవి. ఈ విషయం రెండో పేజీలో వివరించాను. భవదీయుడు.' అంతేనయ్యా."

గోడ మీద ఎర్రగీత ఫ్యాను గాలికి ఊగింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగోడ మీద అప్పుడే ఎవరో పోస్టరు అంటిస్తున్నారు. పోకముందే ఆగుదాం.

మంత్రిగారు తలుపు కేసి చూసి అడిగారు. "ఇది ఇంకెవరు చదివారు?"

"నేనేనయ్యా."

"నీకు చదువు రాదు కదా?"

"రికార్డు ప్రకారం రాదయ్యా."

"అయితే ఇంతవరకు దీన్ని ఎవరూ చదవలేదన్నమాట." ఆయన ముఖంలోకి కాస్త రక్తం తిరిగొచ్చింది. "దీన్ని 'అత్యవసరం' బీరువాలో పెట్టెయ్యి."

"అలాగేనయ్యా. చదివి వినిపించినట్టు అడుగున రాయాలని రూలుంది, పోయిన వారం ఒక ఫైలు మధ్య పేజీలో చదివాను. సంతకం చెయ్యనా, వేలిముద్ర వెయ్యనా?"

ఆవిడ నిజంగానే అడిగింది. మంత్రిగారు ఆవిడ బొటనవేలి కేసి చూశారు, కలం కేసి చూశారు.

"ఏదీ వద్దు. తర్వాతిది చదువు."

"'పదో తరగతి పరీక్షకి హాజరయ్యేందుకు అనుమతి కోరుతూ...'" ఆపకుండా పేరు, వయసు, హోదా అన్నీ చదివింది.

"ఎవరిదిది?"

"నాదేనయ్యా."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. ఆ కుర్చీకి చెక్క చాలా ఎత్తుగా ఉంటుంది.

"పాసైతే నీకు చదువు వచ్చినట్టే కదా?"

"వచ్చినట్టేనయ్యా."

"అప్పుడు ఆ ఉత్తరం కూడా ఒకరు చదివినట్టే అవుతుంది."

ఆవిడకి అబద్ధం తట్టలేదు.

"ఫలితాలెప్పుడు?"

"జూన్‌లో అయ్యా."

"ఎన్నికలు?"

"మేలో అయ్యా. నిన్నటి ఫైల్లో ఉంది."

మంత్రిగారు వేళ్ల మీద ఒకసారి లెక్కేశారు. నమ్మకం చాలక మళ్లీ లెక్కేశారు. తర్వాత కలం తీసుకుని, దరఖాస్తు తనవైపు లాక్కుని, ఏదో అడగాలా వద్దా అన్నట్టు ఆగారు.

"లెక్కలు కష్టంగా ఉంటాయా?"

"భిన్నాలు కొంచెం కష్టమయ్యా."

"నాకు బాగా వచ్చేవి." ఆయన తలెత్తలేదు. "సరైన సమయంలో ఆపానన్నది పేపర్లకి. ఆపింది మా నాన్న. కొట్లో మనిషి కావలసొచ్చింది." సంతకం పెట్టారు. ఆ నెల పెట్టిన సంతకాలన్నిటిలోకీ అదొక్కటే మెలకువగా పెట్టినది. "జూన్ దాకా నీకు చదువు రాదు. గుర్తుందిగా?"

"రాదయ్యా."

మార్చిలో పరీక్షలు. హాలు ఒక పాత బడి గది. పైకప్పు రేకులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. ఆ ఫైలు నంబరు బెల్లమ్మకి ఇంకా కంఠతా ఉంది. బల్లకి ఆనుకునే చెక్క కూడా ఉంది. వెనక్కి ఆనుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. గేటు బయట దర్జీ నిలబడ్డాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపళ్లేదన్నట్టు సైగ చేశాడు. ఆవిడకి నవ్వొచ్చింది.

ప్రశ్నపత్రాలు పంచారు. పక్కబల్ల మీద, మఫ్లరు ముక్కుదాకా చుట్టుకుని, దళసరి కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కాయితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, తిప్పి చూసుకుంటున్నాడు.

"డాక్టరుగారూ! మీరా?"

"ష్! మెల్లిగా." మఫ్లరు కొంచెం కిందికి దిగింది. "గాలి అటువైపు తిరుగుతోందమ్మా. అవతలి పార్టీలోకి వెళ్లాను. కనీసం పదో తరగతి ఉండాలన్నారు."

"మీకు డాక్టరేటు ఉందిగా అండీ?"

"చూపించాను. నవ్వారు. మా ఆవిడ నవ్వినట్టే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నంబరు లేనివి దొరకలేదమ్మా, ఎవరిదో నంబరు తగిలించుకున్నాను. అంతా మసకగా ఉంది. ఆ మొదటి ప్రశ్న ఏమిటో కాస్త చదివి పెట్టవూ?"

"నాకు చదువు రాదండీ డాక్టరుగారూ," అంది బెల్లమ్మ కలం మూత తీస్తూ. "జూన్ దాకా."